పళ్లకు పెట్టుకునే అలైనర్లను ఎలా శుభ్రం చేసుకోవాలి? నీళ్లతో కడిగితే సరిపోతుందా?

వంకర పళ్లు సరిచేయించుకోవడం అంటే ఒకప్పుడు తీగలు, క్లిప్పులే. అదీ ఎక్కువగా స్కూలు పిల్లలకే. ఇప్పుడు ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు, నలభై దాటినవాళ్లు కూడా పళ్లు సరిచేయించుకుంటున్నారు. వాళ్లలో చాలామంది ఎంచుకుంటున్నది బయటికి పెద్దగా కనిపించని పారదర్శక ప్లాస్టిక్ తొడుగులను. వీటినే క్లియర్ అలైనర్లు అంటారు.

కొన్ని పదుల వేల నుంచి లక్షల రూపాయల దాకా ఖర్చయ్యే చికిత్స ఇది. ఎన్ని నెలలు పడుతుంది, నొప్పి ఉంటుందా, పళ్లు మళ్లీ వెనక్కి పోతాయా అని డాక్టర్‌ను అందరూ అడుగుతారు. దీన్ని రోజూ ఎలా కడగాలన్న ప్రశ్న మాత్రం తొడుగు వాసన రావడం మొదలయ్యాకే చాలామందికి గుర్తొస్తుంది.

నిజానికి ఆ వాసన చిన్న సమస్యే. తొడుగు పాడైతే వారం, రెండు వారాల్లో కొత్తది వస్తుంది. దాని కింద ఎనామెల్ కరిగితే మాత్రం కొత్త ఎనామెల్ రాదు. అలైనర్‌ను శుభ్రంగా ఉంచుకోవడమంటే ప్లాస్టిక్‌ను మెరిపించడం కాదు, దాని లోపల రోజుకు 20 గంటలకు పైగా ఉండే పళ్లను కాపాడుకోవడం.

అసలు అలైనర్ ఎలా పనిచేస్తుంది?

ఇన్విజలైన్ పేరుతో ఈ విధానాన్ని మార్కెట్‌లోకి తెచ్చిన అలైన్ టెక్నాలజీ సంస్థ 1997లో అమెరికాలో మొదలైంది. స్టాన్‌ఫర్డ్‌లో ఎంబీఏ చదివిన జియా చిష్తీ, కెల్సీ వర్త్ దాన్ని ప్రారంభించారు. చిష్తీ పాకిస్తాన్‌లోని లాహోర్‌లో పెరిగారు. పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకున్న ఆయన, ఆ చికిత్స తర్వాత ఇచ్చిన రిటైనర్‌ను చూసి ఇలాంటి తొడుగులను వరుసగా మారుస్తూ పళ్లను జరపవచ్చు కదా అని ఆలోచించారు. 1998లో దీనికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఇప్పుడు భారత్ సహా అనేక దేశాల్లో ఎన్నో కంపెనీలు ఇలాంటి తొడుగులు తయారు చేస్తున్నాయి.

నోటిని స్కాన్ చేసి, పళ్లు ఏ దశలో ఎంత జరగాలో కంప్యూటర్‌లో లెక్కగడతారు. దాని ప్రకారం పల్చటి ప్లాస్టిక్‌తో వరుసగా తొడుగులు చేస్తారు. ఒక్కో జతను సాధారణంగా వారం, పది రోజులు లేదా రెండు వారాలు పెట్టుకుని తర్వాతి జతకు మారాలి. రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉంటేనే అనుకున్నట్టు పళ్లు జరుగుతాయి. తినేటప్పుడు, తాగేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు మాత్రమే తీయాలి.

క్లిప్పులతో పోలిస్తే ఇది పెద్ద సౌకర్యం. తీగల మధ్య ఇరుక్కున్న అన్నం మెతుకుల కోసం తంటాలు పడక్కర్లేదు. తొడుగు తీసి ఎప్పటిలాగే పళ్లు తోముకోవచ్చు, పళ్ల సందుల్లో ఫ్లాస్ చేసుకోవచ్చు. అందుకే క్లిప్పులు వేయించుకున్నవాళ్ల కంటే అలైనర్లు వాడేవాళ్ల చిగుళ్లు మెరుగ్గా ఉంటున్నాయని పలు అధ్యయనాలు చెబుతున్నాయి. కాకపోతే తీసి శుభ్రం చేసుకునే వీలు ఉండటం వేరు, నిజంగా శుభ్రం చేసుకోవడం వేరు.

లాలాజలం అందకపోతే పంటికి ఏమవుతుంది?

మన నోట్లో రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అన్నం నమలడానికి, మింగడానికి సాయపడటమే దాని పని అనుకుంటాం కానీ, పంటికి అది కాపలా కూడా.

తీపి లేదా పిండి పదార్థం తిన్న కొన్ని నిమిషాలకే పళ్ల మీది పాచిలో ఉండే బ్యాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ దాదాపు 5.5 కంటే తగ్గితే ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. అప్పుడు లాలాజలం ఆ ఆమ్లాన్ని పలుచన చేసి, విరిచేసి, పోయిన ఖనిజాలను కొంత తిరిగి పంటికి అందిస్తుంది. అరగంట నుంచి గంటలోపు నోరు మామూలు స్థితికి వస్తుంది. మనం ప్రతిసారీ తినగానే పళ్లు తోముకోకపోయినా పళ్లు నిలబడుతున్నాయంటే ఒక ముఖ్య కారణం ఇదే.

అలైనర్ పెట్టుకున్నప్పుడు ఈ రక్షణ తగ్గిపోతుంది. తొడుగు పంటికి అతుక్కుని ఉంటుంది కాబట్టి లాలాజలం లోపలికి స్వేచ్ఛగా ప్రవహించదు. నాలుక, పెదవులు, బుగ్గలు కదులుతూ పళ్లను తుడిచే సహజమైన పని కూడా ఆగిపోతుంది. తిన్న వెంటనే నోరు కడుక్కోకుండా తొడుగు పెట్టేసుకుంటే చక్కెర, పాచి, ఆమ్లం మూడూ పంటికి అంటుకుని తర్వాత తీసేదాకా అక్కడే ఉంటాయి.

దీని ఫలితంగా ముందు కనిపించేది పంటిపై సుద్దలాంటి తెల్ల మచ్చ. అక్కడ ఎనామెల్ ఖనిజాలను కోల్పోయిందని దానర్థం. ఆ దశలో గుర్తిస్తే ఫ్లోరైడ్ చికిత్సతో ముదరకుండా ఆపవచ్చు. మచ్చ పూర్తిగా పోతుందన్న హామీ మాత్రం ఉండదు. పట్టించుకోకపోతే పన్ను పుచ్చుతుంది. పళ్ల వరుస అందంగా రావాలని మొదలుపెట్టిన చికిత్స, వరుస సరిగ్గానే వచ్చినా మచ్చలున్న పళ్లతో ముగిసే ప్రమాదం ఉంటుంది.

ఇదే సూత్రం మనకు మేలు చేసేలా కూడా పనిచేస్తుంది. రాత్రి ఫ్లోరైడ్ ఉన్న టూత్‌పేస్ట్‌తో తోముకుని, నురగ ఉమ్మేసి, నోరు అతిగా పుక్కిలించకుండా శుభ్రమైన తొడుగు పెట్టుకుంటే కొంత ఫ్లోరైడ్ పంటి దగ్గరే నిలుస్తుంది. తొడుగు చక్కెరను పట్టి ఉంచితే చెరుపు, ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచితే మేలు. హెర్బల్ పేరుతో అమ్మే టూత్‌పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. భారత్‌లో టూత్‌పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకు మించకూడదని, ఎంత ఉందో ట్యూబుపై రాయాలని నిబంధన ఉంది. కాబట్టి మీ ట్యూబును ఒకసారి తిప్పి చూడండి.

రోజూ ఎలా కడగాలి?

పద్ధతి తేలికే. ఖరీదైన వస్తువులేమీ అక్కర్లేదు.

ముందు చేతులు కడుక్కోండి. తొడుగును వెనక పళ్ల వైపు నుంచి, లోపలి అంచు పట్టుకుని రెండు పక్కలా వదులు చేస్తూ తీయండి. ఒక్క మూల పట్టుకుని లాగితే పగుళ్లు వస్తాయి. తీసిన వెంటనే చల్లటి లేదా గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్ల కింద పెట్టి కడగండి. లాలాజలం ఎండితే పొరలా గట్టిపడుతుంది, తర్వాత వదిలించడం కష్టం.

ఉదయం, రాత్రి మాత్రం వట్టి నీళ్లు సరిపోవు. అందుకు మెత్తటి బ్రష్ ఒకటి విడిగా పెట్టుకోండి. రంగు, ఘాటైన వాసన లేని లిక్విడ్ సోపు ఒక చుక్క వేసి లోపల, బయట నెమ్మదిగా రుద్దండి. బయటివైపు కంటే లోపలివైపు ముఖ్యం. దంతాల కొనలు కూర్చునే గుంటలు, చిగుళ్ల దగ్గరి అంచులు, పంటిపై డాక్టర్ అతికించిన చిన్న బుడిపెలు ఇమిడే చోట్లు, ఇక్కడే పాచి ఎక్కువగా పేరుకుంటుంది. తర్వాత సోపు రుచి ఏమాత్రం మిగలకుండా కడగండి.

తొడుగు కడిగి పళ్లు వదిలేస్తే ప్రయోజనం లేదు. తిన్న ప్రతిసారీ పళ్లు తోముకుని పెట్టుకోవడం మంచిది. ఆఫీసులోనో, ప్రయాణంలోనో కుదరనప్పుడు కనీసం నీళ్లతో గట్టిగా పుక్కిలించాలి. రోజుకు ఒక్కసారైనా, వీలైతే రాత్రి పడుకునే ముందు, పళ్ల సందుల్లో ఫ్లాస్ చేసుకోవాలి. అలైనర్ బుడిపెల చుట్టూ మెతుకులు, ఆకుకూర పీచు చిక్కుకుంటాయి కాబట్టి బ్రష్‌ను అక్కడ కాస్త ఎక్కువసేపు తిప్పాలి.

ఇటలీ పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో వాడిన అలైనర్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పరిశీలించారు. కుళాయి నీళ్లతో మాత్రమే కడిగిన వాటిపై బ్యాక్టీరియా పొర మిగిలిపోయింది. శుభ్రపరిచే మాత్ర వేసిన నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో కూడా రుద్దినవి అన్నిటికంటే శుభ్రంగా కనిపించాయి. గిన్నెకు పట్టిన జిడ్డు నీళ్లు పోస్తే పోనట్టే పాచి కూడా పోదు. దాన్ని రుద్దాల్సిందే.

వేడి నీళ్లు ఎందుకు పనికిరావు?

పసిపిల్లల పాలసీసాలను మరిగే నీళ్లలో వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. స్టీలు గ్లాసుకు, పాలసీసాకు పనికొచ్చే ఆ జాగ్రత్త అలైనర్‌ను మాత్రం పాడుచేస్తుంది.

అలైనర్లు వేడికి మెత్తబడే రకం ప్లాస్టిక్‌తో తయారవుతాయి. ఆ గుణం వల్లే ప్లాస్టిక్ షీటును వేడి చేసి, పళ్ల అచ్చు మీద నొక్కి తొడుగుగా మలచగలుగుతారు. మళ్లీ వేడి తగిలితే ఆ ఆకారం చెదిరిపోతుంది. ఒక్కో తొడుగు పంటిని జరిపేది మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రమే. అంత సూక్ష్మంగా లెక్కగట్టిన ఆకారంలో కంటికి కనిపించనంత తేడా వచ్చినా పన్ను జరగాల్సిన చోటికి జరగదు.

అందుకే మరిగే నీళ్లు, గీజర్ నుంచి వచ్చే పొగలు కక్కే నీళ్లు, డిష్‌వాషర్, మైక్రోవేవ్ ఏవీ వద్దు. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద డబ్బా వదిలేసి వెళ్లడమూ ప్రమాదమే. తెలుగు రాష్ట్రాల్లో మే నెల ఎండకు తలుపులు మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు.

టూత్‌పేస్ట్, పళ్లపొడి, నిమ్మకాయ వాడొచ్చా?

ఎనామెల్ చాలా గట్టిది, అలైనర్ ప్లాస్టిక్ దానికంటే ఎంతో మెత్తనిది. పంటి మీది మరకలను రుద్దడానికి టూత్‌పేస్ట్‌లో కలిపే సన్నని కణాలు ప్లాస్టిక్‌పై గీతలు పెడతాయి. పళ్లు తెల్లబరిచే రకాలు, బొగ్గు కలిపిన పేస్టులు, ఎర్ర పళ్లపొడి, గరుకు ఉప్పు అయితే మరింత గీకుతాయి. గీతలు పడితే తొడుగు మసకబారుతుంది, పారదర్శకత పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ గీతల్లో బ్యాక్టీరియా చేరి బ్రష్‌కు అందకుండా దాక్కుంటుంది.

ఇంట్లో దొరికే మరికొన్నిటి సంగతి ఇదీ:

నిమ్మరసం: ఇది ఆమ్లం. తొడుగులో కాస్త మిగిలినా నేరుగా పంటికి తగులుతూ ఉంటుంది. వాడకపోవడమే మంచిది.

హ్యాండ్ శానిటైజర్, స్పిరిట్: ఆల్కహాల్ ప్లాస్టిక్‌ను దెబ్బతీసి పెళుసుగా మార్చగలదు.

బ్లీచింగ్, గాయాలు కడిగే యాంటీసెప్టిక్ ద్రావణాలు: నోట్లో గంటల కొద్దీ ఉండే వస్తువుకు వీటిని వాడకూడదు. ఎంత కడిగినా అవశేషం మిగలొచ్చు.

రంగు మౌత్‌వాష్: అందులో నానబెడితే రంగు ప్లాస్టిక్‌కు పడుతుంది. చిగుళ్ల జబ్బులకు డాక్టర్లు రాసే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడితే పళ్లకే గోధుమ రంగు మరకలు వస్తాయి. తొడుగు నానబెట్టడానికి దాన్ని సొంతంగా వాడొద్దు.

మాత్రలు, మెషీన్లు కొనాల్సిందేనా?

అలైనర్లతో పాటు శుభ్రపరిచే మాత్రలు, స్ఫటికాలు, నురగ సీసాలు, అల్ట్రాసోనిక్ మెషీన్లు కూడా అమ్ముతున్నారు. ఇవి లేకపోతే చికిత్స పాడవుతుందేమో అన్నట్టు ప్రకటనలు ఉంటాయి. అలాంటిదేమీ లేదు.

నీళ్లలో వేస్తే బుడగలు వచ్చే మాత్రలు, కట్టుడు పళ్లకు వాడే మాత్రలు దాదాపు ఒకే కోవకు చెందినవి. బ్రష్ చేరలేని మూలల్లోని పొరను ఇవి వదులు చేస్తాయి, మరకలు తగ్గిస్తాయి. రోజూ బ్రష్‌తో రుద్దుతూ, వారంలో కొన్నిసార్లు వీటిలో నానబెడితే మంచిదే. బ్రష్ మానేసి వీటిమీదే ఆధారపడితే మాత్రం లాభం లేదు. ప్యాకెట్ మీద రాసినంత సేపే, అక్కడ చెప్పిన నీళ్లలోనే నానబెట్టాలి. కొన్నిటిపై వెచ్చటి నీళ్లు వాడమని ఉంటుంది. అవి కట్టుడు పళ్ల కోసం రాసిన సూచనలు కావచ్చు, అలైనర్‌కు మామూలు నీళ్లే వాడండి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ మాత్రల్లో చాలావాటిలో పెర్సల్ఫేట్ అనే రసాయనం ఉంటుంది. కొందరికి ఇది పడదు. కట్టుడు పళ్ల మాత్రల వల్ల తీవ్రమైన అలర్జీలు వచ్చినట్టు ఫిర్యాదులు అందడంతో 2008లో ఎఫ్‌డీఏ వీటి లేబుళ్లపై హెచ్చరికలు మార్చాలని తయారీదారులను కోరింది. మాత్ర వాడాక నోట్లో మంట, దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి అందకపోవడం వంటివి కనిపిస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌ను కలవాలి. ఆ నీళ్లతో పుక్కిలించకూడదు, పిల్లలకు అందేలా పెట్టకూడదు.

అల్ట్రాసోనిక్ మెషీన్ నీళ్లలో అతి సూక్ష్మమైన బుడగలు పుట్టించి మురికిని వదిలిస్తుంది. డబ్బుంటే కొనుక్కోవచ్చు. కానీ బ్రష్, సోపు, రెండు నిమిషాల ఓపిక చేసే పనికి అది ప్రత్యామ్నాయం కాదు.

తెల్ల పొర, పసుపు రంగు ఎందుకు వస్తాయి?

తొడుగు మీద గరుకుగా, తెల్లగా పొర కడుతుంటే అది చాలావరకు గార. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పాచితో కలిసి గట్టిపడితే అలా తయారవుతుంది. కింది ముందు పళ్ల వెనక, పై దవడ పళ్ల బయటివైపు లాలాజల గ్రంథులు తెరుచుకుంటాయి కాబట్టి ఆ చోట్లలో ఇది ఎక్కువ. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కుళాయిలకు, బకెట్లకు పట్టే తెల్ల పొర లాంటిది తొడుగుకూ పట్టొచ్చు. చివరిసారి తాగే నీళ్లతో కడిగితే ఆ ఇబ్బంది ఉండదు.

గార పొరకు తెల్ల వెనిగర్ పనిచేస్తుంది. ఒక వంతు వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, బాగా కడగాలి. ఇది అప్పుడప్పుడు చేయాల్సిందే తప్ప రోజూ కాదు. గోరుతోనో, పిన్నుతోనో గీకడం మాత్రం వద్దు.

పసుపు రంగు మన వంటింటి నుంచి వచ్చేది. పప్పు, పులుసు, కూర, పచ్చడి, అన్నిట్లోనూ పసుపు ఉంటుంది. భోజనానికి ముందు తొడుగు తీసినా, తిన్నాక పళ్ల మీద, నాలుక మీద మిగిలిన పసుపు తొడుగుకు అంటుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ ప్లాస్టిక్‌ను తేలిగ్గా పట్టుకుంటుంది, టిఫిన్ డబ్బాల మూతలు చూస్తే ఇది తెలిసిపోతుంది. కాబట్టి తిన్నాక నోరు శుభ్రం చేసుకోకుండా తొడుగు పెట్టుకోవద్దు. అయినా కాస్త రంగు పడితే కంగారు అక్కర్లేదు. వట్టి రంగు పంటికి హాని చేయదు, జత మారితే పోతుంది. వాసన వస్తున్నా, చేతికి జారుడుగా తగులుతున్నా, తెల్ల పొర పెరుగుతున్నా మాత్రం సరిగ్గా కడగడం లేదని అర్థం.

అసలు చిక్కు చాయ్‌తోనే

అలైనర్ నోట్లో ఉన్నప్పుడు తాగదగింది చల్లటి లేదా మామూలు మంచినీళ్లు మాత్రమే. ఈ నియమం అందరికీ తెలుసు. రోజులో నాలుగైదుసార్లు టీ, కాఫీ తాగే మనలాంటి వాళ్లకు దాన్ని పాటించడమే కష్టం.

లెక్క వేసి చూద్దాం. రోజుకు 22 గంటలు పెట్టుకోవాలని డాక్టర్ చెబితే మీకు మిగిలేది 120 నిమిషాలు. టిఫిన్‌కు 20, మధ్యాహ్నం భోజనానికి 30, రాత్రి భోజనానికి 30 నిమిషాలు అనుకుంటే 80 అయిపోయాయి. ఒక్కోసారి నోరు, తొడుగు శుభ్రం చేసుకోవడానికి 5 నిమిషాల చొప్పున మరో 15. ఇక ఉన్నది 25 నిమిషాలు. నాలుగు టీలకు పదేసి నిమిషాలు వేసుకున్నా 40 అవుతాయి. సాయంత్రం మిర్చి బజ్జీల సంగతి ఇందులో కలపలేదు.

ఈ లెక్క కుదరకే చాలామంది తొడుగు పెట్టుకునే టీ తాగేస్తారు. ఒక్క కప్పేగా అనిపిస్తుంది. కానీ వేడికి ప్లాస్టిక్ ఆకారం మారొచ్చు, రంగు పడుతుంది. చక్కెర కలిసిన పాలు తొడుగు అంచుల్లోంచి లోపలికి చేరి అక్కడే నిలిచిపోతాయి. చక్కెర లేని గ్రీన్ టీ అయినా వేడి, రంగు తప్పవు. కూల్‌డ్రింక్ ఇంకా చెడ్డది, అందులో చక్కెరతో పాటు ఆమ్లం కూడా ఉంటుంది. చక్కెర లేదని రాసి ఉన్న కూల్‌డ్రింకుల్లోనూ ఆమ్లం ఉంటుంది. కొబ్బరినీళ్లు, మజ్జిగ ఆరోగ్యానికి మంచివే కానీ, తొడుగు తీసే తాగాలి.

టీ మానేయమని ఎవరికైనా చెప్పడం తేలికే. అంతకంటే ఆచరణలో కుదిరే దారి, టీని తిండితో కలపడం. ఉదయం కాఫీ టిఫిన్‌తో పాటు, మధ్యాహ్నం టీ భోజనం ముగిసిన వెంటనే తాగేస్తే తొడుగు మళ్లీ మళ్లీ తీయక్కర్లేదు. విడిగా తాగేది సాయంత్రం ఒక్కసారికి పరిమితం చేసుకుని, తాగాక పుక్కిలించి పెట్టుకుంటే 22 గంటల లెక్కా నిలుస్తుంది, పళ్లూ బాగుంటాయి. గంటసేపు కప్పు పక్కన పెట్టుకుని గుక్క గుక్కగా తాగే అలవాటు ఉంటే ముందు మార్చుకోవాల్సింది దాన్నే.

డబ్బా లేకపోతే డస్ట్‌బిన్‌లోకే

అలైనర్లు పోగొట్టుకోవడానికి అతి సాధారణ కారణం టిష్యూ పేపరు. హోటల్లోనో, పెళ్లి భోజనంలోనో తొడుగు తీసి టిష్యూలో చుట్టి పక్కన పెడతారు. ఎంగిలి ఆకులతో, ప్లేట్లతో పాటు అదీ చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది. చొక్కా జేబులో వేసుకుంటే దుమ్ము, నోట్ల మీది మురికి అంటుకుంటాయి. ఇంట్లో కుక్క ఉంటే బల్ల మీద పెట్టిన తొడుగు దానికి ఆటవస్తువే.

గాలి ఆడే రంధ్రాలున్న డబ్బా ఎప్పుడూ వెంట ఉండాలి. తడి తొడుగును గాలి చొరని డబ్బాలో మూసిపెడితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కడిగి, విదిల్చి, కాస్త ఆరాక పెట్టండి. డబ్బాను కూడా వారానికి ఒకటి రెండుసార్లయినా సోపుతో కడిగి ఆరబెట్టాలి. శుభ్రమైన తొడుగును మురికి డబ్బాలో పెడితే చేసిన పనంతా వృథా.

కొత్త జతకు మారగానే పాతది పారేయకండి. కడిగి, ఆరబెట్టి, నంబరు రాసి దాచండి. ప్రస్తుత జత పోయినా, విరిగినా కొత్తది వచ్చేదాకా పాతదాన్ని పెట్టుకోమని డాక్టర్ చెప్పే అవకాశం ఉంది.

చికిత్స అయిపోయాక?

పళ్లు సరైన వరుసకు వచ్చాక అవి వెనక్కి జరగకుండా రిటైనర్ ఇస్తారు. చాలావరకు ఇదీ పారదర్శక తొడుగే. మొదట్లో రోజంతా, తర్వాత రాత్రిపూట, అదీ ఏళ్ల తరబడి పెట్టుకోవాలి.

శుభ్రత విషయంలో రిటైనర్‌కు ఇంకా ఎక్కువ శ్రద్ధ కావాలి. అలైనర్ అయితే వారం, రెండు వారాల్లో మారిపోతుంది, కొంత నిర్లక్ష్యం చేసినా ఆ మురికి దానితోనే పోతుంది. రిటైనర్ నెలల తరబడి అదే. రోజూ కాస్త మిగిలే పాచి గారగా, వదలని వాసనగా మారుతుంది. చికిత్స అయిపోయిందన్న ధీమాతో శ్రద్ధ సడలేదీ సరిగ్గా అప్పుడే. మధుమేహం ఉన్నవాళ్లకు, అలర్జీ మందులు, కొన్ని మానసిక ఆరోగ్య మందులు వాడుతూ నోరు ఎండిపోయేవాళ్లకు చిగుళ్ల జబ్బులు, ఫంగస్, పిప్పిపళ్ల ముప్పు ఎక్కువ. తమకున్న జబ్బులు, వాడే మందుల గురించి పంటి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మీ పళ్లను ఎవరైనా చూస్తున్నారా?

తెల్ల మచ్చ మొదలైతే అది మీకు అద్దంలో కనిపించకపోవచ్చు. నొప్పి ఉండదు. వెనక పళ్ల మీద, చిగుళ్ల అంచున వచ్చేదాన్ని పన్ను ఆరబెట్టి, వెలుతురులో చూసే డాక్టరే పట్టుకోగలరు. ఇంట్లో ఎంత బాగా శుభ్రం చేసుకున్నా మధ్యలో డాక్టర్ చూడటం అవసరమయ్యేది ఇందుకే.

డాక్టర్‌ను నేరుగా కలవకుండానే పోస్టులో అలైనర్లు పంపే వ్యాపారం అమెరికాలో ఒక దశలో బాగా పెరిగింది. అందులో అతిపెద్ద పేరైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు తమ దారి తాము చూసుకోవాల్సి వచ్చింది. భారత్‌లోనూ ఇంటికే వచ్చి స్కాన్ చేసి తొడుగులు పంపే సేవలు ఉన్నాయి. సౌకర్యంగా ఉన్నాయని వాటిని ఎంచుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. చికిత్స మొదలుపెట్టే ముందు పిప్పిపళ్లు, చిగుళ్ల జబ్బులు ఉన్నాయేమో నోరు తెరిపించి చూసేది ఎవరు, ఆ తర్వాత ఎన్ని వారాలకోసారి చూస్తారు?

తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, పంటిపై కొత్తగా తెల్ల లేదా గోధుమ మచ్చ కనిపించినా, చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటున్నా, ఎంత కడిగినా నోటి దుర్వాసన తగ్గకపోయినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. తొడుగు పగిలినా, అంచు గీసుకుని నాలుకకు, చిగురుకు పుండు పడుతున్నా అంతే.

మిగతా రోజుల్లో చేయాల్సింది చాలా కొంచెం: తీసిన వెంటనే చల్లటి నీళ్లతో కడగడం, రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో రుద్దడం, శుభ్రమైన పళ్ల మీదే తొడుగు పెట్టుకోవడం. దీనికయ్యే ఖర్చు ఒక బ్రష్, ఒక సోపు సీసా.